పొయ్యి చుట్టూ రేకు

అంత వికారంగా ఉంటే ఏ ఆడదైనా ఎన్నాళ్లని చూస్తూ ఊరుకుంటుంది, నువ్వే చెప్పు రాయ్స్! నలభై అయిదేళ్లు. నలభై అయిదేళ్లు చూశాను ఆ రేకుని, రోజూ.

కాస్త ఈ బండి హీటర్ పెంచు నాయనా. వేడితో పోయే చలి కాదులే ఇది. అయినా పెంచు.

ఇంట్లో కిటికీలన్నీ తెరిచేశావా? మేడ మీదవి కూడానా? మంచు లోపలికి కొడుతుందేమో... కొట్టనీ. ఇప్పుడు తివాచీ కోసం ఏడుస్తానా. ఆ విషవాయువు కొలిచే మిషన్ ఇంకా కూస్తోందా లోపల? ఎంత చూపించింది? వద్దు, చెప్పకు. అంకె వింటే నాకు ఊపిరాడదు.

హాస్పిటల్ నుంచి ఏమన్నా తెలిసిందా? లేదా. సరే. సరే.

రాసుకుంటావా? రాసుకో, నీ పని నువ్వు చెయ్యాలిగా. ఫైర్ వాళ్లకి పెద్దవయ్యావు కానీ, ఆ అట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే నా సండే స్కూల్లో కూర్చున్నట్టే ఉన్నావ్. నా చెయ్యి చూస్తావేంటి? పిండి. పొద్దున యాపిల్ రొట్టె కోసం కలిపాను. స్వెట్టర్‌కి అంటుకుంది, అంతే.

ఎక్కణ్ణుంచి చెప్పను? న్యాయంగా అయితే మీ అమ్మ దగ్గర్నుంచే చెప్పాలి. కోప్పడకు మరి.

చర్చి ఆడవాళ్లు ఏటా డిసెంబర్లో ఊళ్లో పాత ఇళ్లు చూపిస్తారు కదా, టికెట్ పెట్టి. ముప్పై ఏళ్లుగా పెడుతున్నారు. ఎప్పుడైనా మా ఇల్లు ఉందా అందులో? ఊళ్లో మాకంటే పాత ఇళ్లు రెండో మూడో ఉంటాయి. అంత పెద్ద చలిమంట గూడు ఇంకెవరింట్లో ఉంది? దూడని కట్టేయొచ్చు లోపల! అయినా మా గడప తొక్కలేదెవరూ. ఈ ఏడు ఎలాగో కమిటీకి దయ కలిగింది. అక్టోబర్లో మీ అమ్మ నోరీన్ నలుగుర్ని వెంటేసుకుని చూడ్డానికొచ్చింది.

గది మధ్యలో నిలబడింది. గూడు మొత్తం కలయజూసింది. తర్వాత గూటికి బిగించిన ఇనప రేకు ముందు కాస్త వంగి, "ఇదేంటి ఆర్డిత్, బ్యాంకు లాకరా?" అంది.

అందరూ నవ్వారు. మా అత్త కూడా. ఊగుడు కుర్చీలో కూర్చుని, దుప్పటి నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది తొంభై ఒక్కేళ్ల మనిషి.

నవ్వక ఏం చేస్తుంది? ఆవిడకి ఆ గూడంటే ప్రాణం. తను కాపురానికొచ్చిన కొత్తల్లో శనివారం శనివారం అందులో గింజల కుండ పెట్టేవాళ్లట, తెల్లారేదాకా ఉడికేదట. ఆ ఇనప పొయ్యి వచ్చింతర్వాత అన్నీ పోయాయి. "నా గూటి నోట్లో గుడ్డలు కుక్కారే" అంటుంది. నిన్న కూడా అంది. కాదు, నిన్న అనలేదు. నిన్నటికి ఆ రేకు తీసేశాంగా.

మా ఆయన ఎల్విన్ పెట్టించినదే ఆ పొయ్యి. ఇళ్లు వెచ్చబెట్టే చమురు దొరకని ఏడు నీకు తెలీదులే, నువ్వింకా పుట్టలేదు. ఆ చలికాలం ఊరంతా ఇలాంటివే కొని గూళ్లలోకి తోసేశారు. తోసెయ్యడమే మరి! పైకి గొట్టం లేదు, ఏం లేదు. పొయ్యిలోంచి పొగ గూట్లోకి, గూట్లోంచి చిమ్నీలోకి. మీ నాన్న కూడా అలాగే పెట్టాడు, అడుగు. మాది గూడు పెద్దది, పొయ్యేమో మోకాలెత్తు. తాత కోటు తొడుక్కున్న పిల్లాడిలా ఉండేది. చుట్టూ ఉన్న ఖాళీ అంతా కప్పుతూ ఎల్విన్ ఒక ఇనప రేకు కోసి బిగించాడు. తలుపంత రేకు. నల్ల రంగు, అంచుకి పసుపు ఇత్తడి పట్టీ. ఆ ఇత్తడి పట్టీ, రాయ్స్! దాన్ని తుడిచి తుడిచి నా వేళ్లు అరిగిపోయాయి.

తీసేద్దామయ్యా అని ఎన్నిసార్లు అడిగానో. "ఉండనీ" అంటాడు. అంతే. ఎందుకు, ఏమిటి, ఏం చెప్పడు. నీకు తెలుసుగా మా ఆయన సంగతి. పెళ్లిలో ఫాదర్ అడిగినప్పుడు కూడా నోరు పెగలక తలూపాడు. పది మాటలు కలిపి మాట్లాడితే ఆ రోజు పండగే.

ఇంక దుప్పుల వేట రోజులొచ్చాయి. మగాళ్లంతా తుపాకులు పట్టుకుని కొండ మీద గుడిసెకి. స్నానాలుండవు, ఫోన్లు అందవు. ఆ పదహారు రోజులూ ఈ ఊళ్లో ఆడవాళ్లేం చేస్తారో నీకు నేను చెప్పాలా? మీ నాన్న వేట నుంచి తిరిగొచ్చి వంటింటి నేల మారిపోయిందని గుమ్మంలోనే నిలబడిపోలేదూ? నేనూ అంతే. ఒక ఏడు గోడ రంగు, ఒక ఏడు పరదాలు. వచ్చి చూస్తాడు, గొణుగుతాడు, వారానికి అలవాటు పడతాడు. ఈసారి గూడు అనుకున్నాను. ఇందులో తప్పేముంది? అందరం చేసేదేగా!

ఫోనా? కాదా? రేడియో అనుకున్నా. అది గుర్రుమన్నప్పుడల్లా హాస్పిటల్ నుంచే అనుకుంటున్నా.

ఎనిమిది బోల్టులు. తుప్పు పట్టిపోయాయి. నూనె పోసి, ఒక రాత్రి నాననిచ్చి, పొద్దున్నే విప్పాను ఒక్కదాన్నే, అరవై ఏడేళ్ల దాన్ని. వెనకంతా గాజు దూది కుక్కి ఉంది, అదీ పీకేశాను. రేకుని మూల మీద నిలబెట్టి నడిపించుకుంటూ వాకిట్లోకి తెచ్చి, పిల్లలు జారే మంచు బండి మీద పడేసి కట్టెల పాక దాకా లాక్కెళ్లాను. అత్త కుర్చీలోంచి చప్పట్లు కొట్టింది. నిజంగా కొట్టింది, రాయ్స్.

తర్వాత కూలిపోయిన పాలగది ఇటుకలు ఏరుకొచ్చాను. పాత ఇటుకలు, ఎంత అందంగా ఉంటాయో. పొయ్యికి అటూ ఇటూ పేర్చి, పైన నల్లరాయి పలక అడ్డం పెట్టాను. సున్నమా? ఎక్కడ, ఊరికే పేర్చానంతే. ముందు నుంచి చూస్తే ఎవరికి తెలుస్తుంది? అత్తగారి రాగి కెటిల్ కొక్కేనికి తగిలించాను. ఎండు యాపిల్ దండ కట్టాను. ఆ నల్ల పొయ్యి ఆ ఇటుకల మధ్య, ఆ గూట్లోనే పుట్టినట్టు ఒదిగిపోయింది. దాని ముందు నిలబడి ఏడ్చాను, సిగ్గులేకుండా. ఈ ఇంటికొచ్చాక మొదటిసారి ఒకటి నాకు నచ్చినట్టు ఉంది.

మంట వేశాం. మొదట కాస్త పొగ కొట్టింది, తర్వాత బాగా లాగింది. పెద్ద మంటప్పుడు లాగుతుంది మరి. పడుకునే ముందు గాలి మూసేసి నిప్పు దాచుకుంటాం కదా, పొద్దున్నకి ఉండాలని. అప్పుడు లాగదని...

నీళ్లేమన్నా ఉన్నాయా బండిలో?

మూడు రోజుల నుంచి తల దిమ్ముగా ఉందే అంటోంది అత్త. వాతావరణం మారుతోంది కదమ్మా అన్నాను. అల్లం టీ ఇచ్చాను. నాక్కూడా తలనొప్పే. కోళ్ల దగ్గరికెళితే తగ్గేది, ఇంట్లోకొస్తే మళ్లీ. పిల్లి ఆ గదిలో పడుకోవడం మానేసి వంటింటి గుమ్మం దగ్గర పడుకునేది. కొత్త ఇటుకల వాసన పడలేదేమో అనుకున్నా. ఏదో ఒకటి అనుకోవాలిగా మనిషి!

ఆ. విషవాయువు అలారం. అడుగుతావని తెలుసు.

ఉంది. ఉండేది. గూటి పైన గోడకి. మంగళవారం కూసింది. బ్యాటరీ అయిపోయిందేమోనని తీసి చూశాను. మళ్లీ పెట్టలేదు. ఎందుకంటే... చెబుతా ఉండు. తెల్ల ప్లాస్టిక్ పళ్లెంలా ఉంటుంది కదా అది? ఆ పాత ఇటుకల మీద, ఆ రాగి కెటిల్ పైన, తెల్లగా. మీ అమ్మ చూస్తే ఏమంటుంది? వంటింటి సొరుగులో తువ్వాళ్ల కింద పెట్టాను. ఇళ్ల సందర్శన అయ్యాక మళ్లీ తగిలిద్దామని.

రాశావా? రాసుకో. అలా చూడకు. తిట్టాలనుంటే తిట్టు.

ఈ పొద్దున అత్తని కుర్చీలో కూర్చోబెట్టి, చర్చికి వెళ్లాను, గుమ్మాలకి కట్టే దండలల్లడానికి. మీ అమ్మా ఉంది. "ఇంటి ఫోటో ఒకటి పంపు ఆర్డిత్, ఇళ్ల సందర్శన కార్డు మీద వేయిస్తాం" అంది. కార్డు మీద మా ఇల్లు! ఎగురుకుంటూ వచ్చాను.

వచ్చేసరికి అత్త కుర్చీలో ఉంది, తల ఒక పక్కకి వాల్చి. బుగ్గలు ఎర్రగా, యాపిల్ పళ్లలా. అబ్బ, ఎంత బాగుందో అనుకున్నాను. మంట పడింది ఒంటికి, వయసు తగ్గింది మనిషికి అనుకున్నాను. దుప్పటి భుజాల మీదికి లాగి, వెనక్కి నడిచి ఫోటో తీశాను.

మూడు తీశాను, రాయ్స్. "అమ్మా, గడ్డం కాస్త ఎత్తు" అన్నాను. ఎత్తలేదు. నేనే వెళ్లి ఎత్తాను, ఈ రెండు వేళ్లతో. ఎత్తి, వెనక్కొచ్చి ఇంకోటి తీశాను. తల మళ్లీ పడిపోయింది.

అప్పుడు తెలిసింది.

ఫోన్లోనే ఉన్నాయి అవి. తీసుకో, నువ్వు తీసుకో ఈ ఫోన్. నా దగ్గర వద్దు.

ఎలా బయటికి లాగానో నాకు తెలీదు. కుర్చీతో సహా లాగాను. అరుగు మీద మంచులో ఆ ఊగుడు కుర్చీ ఊగుతోంది, ఆవిడేమో కదలట్లేదు. మీరొచ్చేదాకా చేతులు రుద్దుతూ కూర్చున్నాను. దేవుణ్ణి కూడా అడగలేదు. ఎల్విన్ రాకూడదు, ఎల్విన్ రాకూడదు అనే అనుకున్నాను. అత్త పోతుందేమో అని కాదు, ఆయన వస్తాడని. నాకే భయమేసింది నా మనసు చూస్తే.

మీ తమ్ముణ్ణి పంపావు కదా కొండ మీదికి? ఎంతసేపయింది? మంచులో గంట పడుతుంది. గంట ఎప్పుడో అయిపోయింది.

ఆ! రేడియో. ఏమంటున్నారు? మెల్లిగా చెప్పమను, ఒక్క ముక్కా అర్థం కావట్లేదు. కళ్లు...? తెరిచిందా? మాస్కు పెట్టారా, మాట్లాడిందా? ఏమంది?

పిల్లిని లోపలికి తెచ్చారా అని అడిగిందా.

తెచ్చామని చెప్పు. తెచ్చామని చెప్పు నాయనా, వంటింట్లో ఉందని చెప్పు. అబద్ధమైనా చెప్పు.

ఉండు, ఉండు. మొహం తుడుచుకోనీ.

ఇంకా గట్టిగా చెప్పలేమన్నారా? రేపటిదాకా చూడాలా. చూస్తారులే. కళ్లు తెరిచిందిగా. అది చాలదూ.

ఏమంటున్నావ్? మళ్లీ చెప్పు.

"తెలియక చేసింది." అలా రాస్తావా? ఆ రేకు ఒట్టి అలంకారం అనుకుంది, పొగని ఆపేది అదేనని తెలియదు, అని? నీ కాయితంలో అలా రాయొచ్చా? రాయొచ్చంటావ్. సగం ఊరికి తెలియదంటావ్. పాత పొయ్యిలన్నిట్లో ఇదే గోలంటావ్, చిమ్నీలు తుడిచేవాళ్లు చెప్పినా ఎవరూ వినరంటావ్. నిజమే. నిజమే కదా.

మంచివాడివి నాయనా. చిన్నప్పుడూ అంతే, ఎవరు తప్పు చేసినా నీ మొహమే ఎర్రబడేది. రాసెయ్ అలాగే. రాసి సంతకం పెట్టు. ఎల్విన్‌కి అదే చూపిద్దాం. నీ నోటితోనే చెప్పు, ఆర్డిత్‌కి తెలియదయ్యా అని. నీ మాటంటే నమ్ముతాడు.

నమ్ముతాడా?

కట్టెల పాకలోకి మాత్రం వెళ్లక్కర్లేదు కదా నువ్వు? రేకు చూడాలా? ఫోటో తీసుకోవాలా? చూడు మరి, ఏముంది దాని మీద, ఒట్టి మసి. ఏమీ లేదు. ఎటు తిప్పినా ఏమీ లేదు.

ఎందుకలా చూస్తున్నావ్? పిండి అన్నానుగా!

అదుగో. కింద మలుపు దగ్గర. ఆ ఎర్ర బండి మాదే. చెయిన్లు కట్టాడు చక్రాలకి, ఆ చప్పుడు నాకు తెలుసు.

రాయ్స్, బండి తలుపు గడియ వెయ్. వెయ్యి. నన్ను కొట్టడులే, ఒక్కనాడు చెయ్యెత్తలేదు. తిట్టడు కూడా. అదే నా భయం. తిన్నగా పాకలోకి వెళతాడు ముందు. రేకు ఎక్కడుందో వెతికి, గోడ వైపున్న మొహం ఇటు తిప్పుతాడు.

తిప్పి చూస్తాడు.

పిండి కాదు నాయనా. నీకు మొదట్నుంచీ తెలుసు కదూ? రొట్టె పిండే అయితే రెండు చేతులకీ ఉండదూ, ఇలా ఒక్క మోచేతి కిందేనా? బలపం. ఇనుము మీద గీతలు గీసుకుంటారు చూడు, ఆ బలపం. వేడికి పోదు, ఏళ్లకి పోదు. ఉమ్మి పెట్టి రుద్దితే పోతుంది.

రేకు విప్పి తిప్పినప్పుడు వెనకాల ఉంది. పెద్ద పెద్ద అక్షరాలు, ఆయన రాతే. "ఆర్డిత్, ఇది తీయకు. పొగని ఆపుతున్నది ఇదే. ఎల్విన్." కింద సంవత్సరం కూడా వేశాడు. మా పెళ్లయిన రెండో ఏడు.

చదివాను. చదవడం రాదా నాకు? అత్త లోపల్నుంచి "ఏంటే నవ్వుతున్నావ్?" అని అడిగింది. నవ్వాను మరి! నలభై అయిదేళ్లు "ఉండనీ", ఇప్పుడు రేకు వెనక నుంచి కూడా "తీయకు". ఒళ్లు మండింది. నీ మాట నెగ్గేది లేదు ఈసారి అనుకున్నాను. రాత గోడ వైపుకి తిప్పి పెట్టి, చేతులు దులుపుకుని, ఇటుకలు తేవడానికి పోయాను. అర్థం కాక కాదు. అర్థమయ్యే పోయాను. పెద్ద మంట వేస్తే ఏం కాదులే అని నాకు నేనే చెప్పుకున్నాను.

అంబులెన్స్ వాళ్లు ఎక్కమంటే నేనెందుకు ఎక్కలేదనుకున్నావ్? మా ఆయనకి చెప్పాలి, ఉంటానన్నాను. అందరూ పాపం అన్నారు. నువ్వు ఆ మిషన్ పట్టుకుని గదులు తిరుగుతుంటే నేను పాకలో మోకాళ్ల మీద కూర్చుని రుద్దుతున్నాను. అక్కడ ఆవిడ ప్రాణం ఉందో పోయిందో తెలియదు. ఇక్కడ నేను స్వెట్టర్ చేతికి ఉమ్మి రాసుకుంటున్నాను.

కొట్టెయ్ ఆ ముక్క. "తెలియక" కొట్టెయ్. తెలిసే చేసింది అని రాయి.

బండి ఆగింది. చూడు, ఇంటి వైపు చూడట్లేదు, మన వైపూ చూడట్లేదు. పాక వైపే నడుస్తున్నాడు.

ఉత్తరాలు రాసే మనిషి కాదు, రాయ్స్. పెళ్లికి ముందు రాయలేదు, సైన్యంలో ఉన్నప్పుడు రాయలేదు, పుట్టినరోజు కార్డు మీద కూడా ఒట్టి పేరు పెడతాడు. నా పేరు మొదట పెట్టి ఆయన నాకు రాసింది జన్మలో అదొక్కటే. ఈ చేత్తోనే తుడిచేశాను.

గడియ తియ్. నేనే వెళ్లి చెబుతాను.